ఐదున్నరకి, ఎర్రమట్టి మీద

ఇరవయ్యారేళ్లు పోర్టులో క్రేను నడిపాను.
అద్దాల గదిలో కూర్చుని
కాళ్ల సందులోంచి కిందికి చూడటమే ఉద్యోగం.
ఓడ కడుపులో బొగ్గు, బకెట్టు పళ్లు,
వేలెడంత కళాసీలు.
సముద్రం అంత దగ్గరున్నా
ఆకాశం నా డ్యూటీ చార్టులో లేదు.

మెడ అలాగే బిగుసుకుపోయింది.
నడుము కుర్చీ ఆకారం నేర్చుకుంది.
రెండంతస్తులెక్కితే
గుండె, వదులైన గొలుసులా గలగలమనేది.
పోర్టు ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం తిరగేసి
"మీరు దించింది బొగ్గేనా, పంచదారా?" అంది.
తను నవ్వలేదు.
నేనే నవ్వాను, భయానికి.

నడవమంది.
బీచి రోడ్డు మీద ఆరు సాయంత్రాలు నడిచాను.
ఏడో సాయంత్రం
మురీ మిక్చరు బండి దగ్గర
నడక కూర్చుండిపోయింది.

కాలనీ వెనక, సరుగుడు చెట్ల పక్కన
ఎర్రమట్టి కోర్టు.
బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అని
పొద్దున్నే ఇద్దరు దెబ్బలాడుకుంటున్నారు.
ఒకరు పైలట్ లాంచి నడిపే భానోజీ.
ఇంకొకరు ఫ్లోరా టీచరు, అరవై మూడేళ్లు,
మోకాలికి నల్ల పట్టీ.
మోకాలు మార్చాలన్నాడట డాక్టరు;
ఈవిడ డాక్టర్ని మార్చింది.
"రండి, ఒక మనిషి తక్కువయ్యాడు" అంది నాతో,
ఎప్పట్నుంచో నాకోసమే ఆగినట్టు.

ఆ రోజు కొట్టిన బంతులకన్నా
ఏరుకున్నవి ఎక్కువ.
పైపుతో మట్టి తడుపుతున్న గౌరునాయుడు
చూసి చూసి, కుళాయి కట్టేసి వచ్చాడు.
"కొట్టీడం కాదు బాబూ,
బంతి కాడికెల్లడం నేర్సుకోండి ముందు.
సెయ్యి తరవాత. కాలు ముందల."

ఆ ఒక్క మాట మీదే ఏడాది బతికాను.

పక్కకి రెండడుగులు, వెనక్కి మూడు,
ఆగు, వంగు, తిరుగు, మళ్లీ పరుగు.
పాదాల్లో ఇన్ని ఎముకలున్నాయని
అవి నొప్పి పుట్టాకే తెలిసింది.
పదిహేను రోజులు మెట్లు దిగేటప్పుడు
గోడని బతిమాలుకున్నాను.
తర్వాతెప్పుడో, బస్సు వెంట పరిగెత్తి
ఎక్కేశాకగానీ గుర్తు రాలేదు
నేను పరిగెత్తానని.

బంతి వస్తున్నప్పుడు
అల్లుడికిచ్చిన అప్పు గుర్తుండదు.
రానిపోని ప్రమోషన్లు గుర్తుండవు.
ఆ అర సెకను
బుర్రంతా ఊడ్చిన వాకిలి.

ఇక సర్వీసు.
బంతి ఎగరెయ్యాలి, ఎగరేసి చూడాలి.
పైకి.
మెడ కీచుమంది, తుప్పు రాలినట్టు.
నెత్తి మీద ఏముందో
ఇన్నేళ్లకి చూశాను.
చిన్న మబ్బు, నేవీ వాళ్ల హెలికాప్టరు,
రెంటికీ కింద పచ్చటి బంతి
దిగడానికేమీ తొందర లేనట్టు.
చూస్తూ కొట్టడం మర్చిపోయాను.
భానోజీ ఇప్పటికీ
ఆ కథ అందరికీ చెబుతాడు.

డాల్ఫిన్ నోస్ వైపునుంచి గాలి లేస్తే
మంచి దెబ్బ కూడా గీత దాటుతుంది.
టీచరు తన బంతిని తనే "అవుట్" అంటుంది,
మేమెవరం చూడకపోయినా.
నా బీపీ తగ్గడంలో
ఆ మాటకీ వాటా ఉందనుకుంటాను.

ఏప్రిల్లో మళ్లీ రక్తం ఇచ్చాను.
ఒక మాత్ర సగమైంది.
రెండోది అలాగే ఉంది.
డాక్టరమ్మ అన్నం గురించి అడిగింది,
నేను బ్యాక్‌హ్యాండు గురించి చెప్పాను.

ఇంట్లో మాత్రం కాగితం అక్కర్లేకపోయింది.
మొన్నొక రాత్రి
రత్నమాల ఉలిక్కిపడి లేచింది.
ముప్ఫై ఏళ్లుగా ఆగని గురక ఆగింది.
చీకట్లో తడుముకుంటూ
నా ముక్కు కింద వేలు పెట్టి చూసింది.

"ఉన్నానే," అన్నాను కళ్లు తెరవకుండా.
"ఐదయిందా?"